ఉపాధ్యక్షురాలి పేరున అర్చన

“మా అమ్మను నేనెందుకు చంపుకుంట ఆంటీ?”

పోలీసు కారు వెనక సీట్లోంచి ఆదర్శ్ అరిచిన అరుపుకు ఆ చిన్న వీధిలో రెండు మూడు ఇళ్ల కర్టెన్లు కదిలాయి. వాడి చేతులకు బేడీలున్నాయి. వాకిట్లో వాడి చెల్లెలు లాస్య తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఏడవడానికి కూడా ఓపిక మిగలని మొహం.

మంగతాయారు తన కారు దిగి నేరుగా అటు నడిచింది. ఆవిడ ఒకప్పుడు ఏలూరులో సబ్‌ఇన్‌స్పెక్టర్. భర్త ఉద్యోగం కోసం మెల్‌బోర్న్ వచ్చి, ఇక్కడ లైసెన్సు తెచ్చుకుని ప్రైవేటు డిటెక్టివ్ అయింది. భర్త పోయాడు గానీ పని మానలేదు.

ఆమెకు అడ్డంగా డిటెక్టివ్ సార్జెంట్ జయంత్ వచ్చి నిలబడ్డాడు. ఇక్కడే పుట్టి పెరిగిన గుంటూరు వాళ్ల పిల్లాడు. తెలుగు అంతా అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం సగమే వస్తుంది.

“ఆంటీ, ప్లీజ్. దిస్ ఈజ్ ఎ క్రైమ్ సీన్.”

“నీ అన్నప్రాసనకి పరమాన్నం వండింది నేను. నాకు ఇంగ్లీషులో చెప్పకు.”

“అదే మీ ప్రాబ్లెమ్. మీకు ఎవ్రీవన్ ఈజ్ ఫ్యామిలీ. చంపేది మోస్ట్లీ ఫ్యామిలీయే ఆంటీ.”

“సరే. నీ దగ్గర ఏముందో చెప్పు. నేను నోరు మూసుకుని వింటాను.”

జయంత్ గట్టిగా ఊపిరి వదిలాడు. కిందటేడు ఒక కేసులో ఆవిడ ముందు తలదించుకోవాల్సి వచ్చింది. ఆ మచ్చ ఇంకా మానలేదు.

“ఆదివారం మధ్యాహ్నం పన్నెండు గంటల అర్చనకి వీళ్లమ్మ శ్యామసుందరి ఆంటీ టెంపుల్‌లో ఉన్నారు. విద్యావతి ఆంటీ పక్కనే నిలబడ్డారు. ప్రీస్ట్ కూడా అర్చన చేశానన్నారు. ప్రసాదం కిచెన్ బెంచ్ మీద ఉంది. సో, ఆవిడ ఇంటికొచ్చాకే చనిపోయారు. వేర్‌హౌస్‌లో వీడి షిఫ్ట్ ఒంటిగంటకి అయిపోయింది. రెండింటికి వీడి కారు డ్రైవ్‌వేలో నైబర్ చూసింది. ముందురోజు రాత్రి తల్లీకొడుకులు అరుచుకోవడం కూడా ఆవిడే విన్నది. ఆంటీ చేతి మీద పట్టుకున్న మార్క్స్ ఉన్నాయి. ఎవరో పట్టుకుని తోశారు. షవర్ కింద తడి చీర దొరికింది. బ్లడ్ కడిగేశాడు.”

“రక్తం కనపడిందా చీరకి?”

“ల్యాబ్‌కి వెళ్లింది. సాయంత్రానికి వీడి మీద చార్జ్ పెడతాం.”

“పన్నెండుకి ముందే పోయి ఉంటే?”

“అప్పుడు వీడు కెమెరాల కింద పార్సిల్స్ సర్దుతున్నాడు. బట్ షీ వాజ్ ఎట్ ద టెంపుల్.” జయంత్ పక్కకు తప్పుకున్నాడు. “ఒక్క నిమిషం మాట్లాడండి. వన్ మినిట్.”

మంగతాయారు కారు కిటికీ దగ్గర వంగింది.

“అబ్బాయ్, శనివారం రాత్రి గొడవెందుకు?”

ఆదర్శ్ తల దించుకున్నాడు. “అమ్మ ఎవ్వరికీ చెప్పద్దన్నది.”

“చెప్పద్దన్న మనిషి మార్చురీలో ఉందిరా.”

వాడు బేడీల చేతులతోనే మొహం తుడుచుకున్నాడు. “పండు గురించి.”

పండు పేరు ఇక్కడి తెలుగువాళ్లందరికీ తెలుసు. జగిత్యాల నుంచి వచ్చిన స్టూడెంట్. నవంబర్‌లో ఒక రాత్రి గుండెనొప్పితో తన గదిలోనే పోయాడు. ఆ పిల్లాడిని కడిగి, కొత్త బట్టలు తొడిగి, శవపేటికతో పాటు ఎయిర్‌పోర్టు దాకా వెళ్లింది శ్యామసుందరే. ఈ ఊళ్లో తెలుగువాళ్లెవరు పోయినా మొదట వచ్చి శవం పక్కన కూర్చునేది ఆవిడే. మంగతాయారు భర్త పోయినప్పుడూ అంతే. ‘నువ్వు పోయి కొంచెం నడుం వాల్చు అక్కా, అన్న దగ్గర నేనుంట’ అంది. తెల్లవార్లూ కూర్చుంది.

“పండు వాళ్లమ్మ పోయిన వారం మా అమ్మకు ఫోన్ చేసింది,” అన్నాడు ఆదర్శ్. “‘ఆ రాత్రి మా పోరడు డాక్టర్ సాబ్ ఇంటికి ఫోన్ చేసిండట, గ్యాస్ నొప్పి, గోలీ ఏసుకో అన్నరట, నాకు చెప్పిండు’ అన్నది. అప్పటిసంది అమ్మ నిద్రపోలే. ‘గీ మాట తేలకుండ నేను గాయన పక్కన ఎట్ల నిలబడ్త’ అన్నది. సచ్చినోడు తిరిగొస్తడా అమ్మా, ఇడిసెయ్ అన్న. ఆఖరికి గదే మాట… నా నోట్లెకెళ్లి గదే ఆఖరి మాట ఆంటీ.”

“టైమ్,” అన్నాడు జయంత్. కానిస్టేబుల్ కారు పోనిచ్చాడు.

మంగతాయారు నడుం నిటారు చేసి నిలబడింది. డాక్టర్ సాబ్ అంటే ద్వారకానాథ్, విద్యావతి భర్త. పెద్ద గుండె డాక్టరు. ఈసారి తెలుగు సంఘం అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నాడు. ఆ సంఘంలో అధ్యక్షుడు ఒంటరిగా నిలబడడానికి వీల్లేదు. ఉపాధ్యక్షుడి పేరుతో జంటగానే నామినేషన్ వేయాలి. రన్నింగ్ మేట్ కావాలని సూటూబూటూ వేసుకున్నవాళ్లు డాక్టరు ఇంటి చుట్టూ ప్రదక్షిణలు చేశారు. ఆయన మాత్రం శ్యామసుందరిని ఎంచుకున్నాడు. వంటమనిషిని పక్కన పెట్టుకుంటారా అని నవ్వినవాళ్లూ ఉన్నారు. ఆదివారం గుడిలో అర్చన చేయించి, హాల్లో భోజనాల దగ్గర ఆ పేరు ప్రకటించాలి. ప్రకటన జరగలేదు. సాయంత్రం లాస్య గరాజ్ తలుపు తీస్తే లోపల తల్లి పడి ఉంది.

ఇవాళ బుధవారం. మూడింటికి అదే హాల్లో సంతాప సభ. ఐదింటికి నామినేషన్ల గడువు ముగుస్తుంది.

“ఆంటీ,” లాస్య ఆవిడ చెయ్యి పట్టుకుంది. “అమ్మ లేదు. అన్నయ్య కూడా లేకపోతే ఐ హావ్ నోబడీ. ప్లీజ్.”

“రా లోపలికి.”

గరాజ్‌లోకి దిగే రెండు మెట్ల కింద సంఘం వాళ్ల వంట గుండిగలు బోర్లించి ఉన్నాయి. ఒకదాని అంచున మరక మిగిలి ఉంది. శ్యామసుందరి వెనక్కి పడి తల ఆ అంచుకే కొట్టుకుంది. ఆదివారం ఎండకు ఆ రేకుల గరాజ్ పొయ్యిలా కాలింది. అందుకే పోస్ట్‌మార్టమ్ డాక్టర్ కూడా ప్రాణం ఎప్పుడు పోయిందో తేల్చలేకపోయాడు. పొద్దున పదికి కావచ్చు, మధ్యాహ్నం మూడింటికి కావచ్చు అన్నాడు. అందరి కోసం రాత్రుళ్లు కూర్చున్న మనిషి దగ్గర, ఆఖరి ఘడియలో కూర్చోవడానికి ఒక్కరు లేరు. మంగతాయారు కళ్లు తుడుచుకోలేదు. పని ఉంది.

“ఆ తడి బట్టలు ఎక్కడ దొరికాయి?”

“షవర్‌లో. కుప్పగా,” అన్నాడు జయంత్ వెనక నుంచి. ఫోన్‌లో ఫోటో చూపించాడు.

చీర, జాకెట్టు, లంగా, మూడూ కలిసి ఉండలా పడి ఉన్నాయి. నురగ లేదు. ఆవిడ బాత్‌రూమ్ తలుపు తీసి చూసింది. షవర్‌కు ఎదురుగా వాషింగ్ మెషిన్. దాని మీద సబ్బు పొడి డబ్బా.

“రక్తం కడగాలనుకున్నవాడు మెషిన్ పక్కనే పెట్టుకుని, సబ్బు ముట్టుకోకుండా, లోపలి లంగాతో సహా తడిపి కుప్పేస్తాడా?”

“పానిక్ అయ్యాడు.”

“శవం ఫోటో చూపించు. తల వరకు చాలు.”

శ్యామసుందరి వేరే నేత చీరలో ఉంది. జుట్టు విరబోసి, చివర చిన్న ముడి వేసి ఉంది. తలస్నానం చేసిన ముడి.

“టెంపుల్‌కి వెళ్లేముందు హెడ్ బాత్ చేస్తారు. ఐ నో దట్ మచ్,” అన్నాడు జయంత్.

మంగతాయారు ముందుకు నడిచింది. వంటింటి పక్కనున్న పూజ అలమర ముందు ఆగింది. తలుపులు మూసి ఉన్నాయి. తెరిచింది. దేవుళ్లకు శనివారం పెట్టిన మందారాలు వాడి నల్లబడి అలాగే ఉన్నాయి. ప్రమిదలో వత్తి వెలిగించనే లేదు.

“ఇది ఎవరైనా ముట్టుకున్నారా?”

“నో,” అంది లాస్య. “అమ్మ దీపం పెట్టకుండా కాఫీ కూడా తాగదు. ఫీవర్ వచ్చినా పెడుతుంది.”

“గుడికి బయలుదేరిన రోజు ఇంట్లో దీపం పెట్టలేదు. పాత పూలు తియ్యలేదు. అలమర తలుపులు కూడా మూసేసింది. కట్టుబట్టల మీద నీళ్లు పోసుకుంది.” మంగతాయారు గొంతు మెత్తబడింది. “అది ఉతుకు కాదురా జయంత్. స్నానం. ఎవరో పోయారని విన్నప్పుడు చేసే స్నానం.”

“ఎవరు పోయారు?”

“అది నీ ఫోన్ లిస్టు చెప్పాలి. ఆదివారం పొద్దున ఆవిడకి ఇండియా నుంచి ఫోన్ వచ్చిందా?”

జయంత్ ఫోన్‌లో లిస్టు తెరిచాడు. “వచ్చింది. జగిత్యాల నుంచి. అందరికీ సండే ఇండియా కాల్స్ వస్తాయి ఆంటీ. తర్వాత ఆవిడ డాక్టర్ ద్వారకానాథ్‌కి చేసింది. ఆయన్ని అడిగాం. ప్రోగ్రామ్ టైమ్ గురించి అన్నారు. హాస్పిటల్ వార్డ్‌లో ఉన్నారాయన, లంచ్ వరకు. చెక్ చేశాం.”

“జగిత్యాలలో నాన్న వాళ్ల అన్నయ్య ఉంటారు,” అంది లాస్య. “పెదనాన్న. అమ్మ విషయం చెప్పడానికి నేను కాల్ చేశా. ఆయన లైన్‌లోకి రాలేదు. నిద్రపోతున్నారన్నారు.”

అంటూనే ఆ పిల్ల మొహం మారిపోయింది.

“ఫోన్ చెయ్యి తల్లీ. స్పీకర్ పెట్టు.”

అవతల అప్పుడే తెల్లవారుతోంది. పెదనాన్న కూతురు వసుంధర ఎత్తింది.

“లాస్యా? గింత పొద్దుగాల ఏంది బిడ్డా, అన్న మంచిగున్నడా?”

“అమ్మా వసుంధరా, నేను మీ పిన్ని స్నేహితురాలిని,” అంది మంగతాయారు. “ఆదివారం ఆవిడకి ఏం చెప్పారు?”

అవతల తలుపు వేసిన శబ్దం. తర్వాత ఏడుపు అణచుకుంటున్న చప్పుడు.

“చెప్పద్దనుకున్నం ఆంటీ. మా నాయిన పోయిండు. ఆదివారం ఇంకా తెల్లారకముందే. పిన్నికి నేనే చేసిన. ‘అయ్యో బావా’ అని మస్తు ఏడ్సింది. ‘తలకు పోసుకుంట బిడ్డా, ఇయ్యాల గుడి కార్యం ఉండె, మైల గదా, నేను పోను, డాక్టర్ సాబ్‌కు చెప్త’ అన్నది. గంతే. రాత్రికి పిన్నే లేదని ఫోనొచ్చె. మీ ఇంట్ల శవం ఉండంగ మా ఇంటి సావు ముచ్చట ఎట్ల చెప్తం? పిల్లలు ఎన్నని మోస్తరు?”

లాస్య వంటింటి నేల మీద కూలబడింది. మంగతాయారు పక్కన కూర్చుని తల తన భుజానికి ఆనించుకుంది. తండ్రి కూడా లేని ఆ చిన్న కుటుంబంలో, రెండు దేశాల్లో రెండు చావులు. ఒకటి ఇంకోదానికి అడ్డమని దాచుకున్నారు పిచ్చివాళ్లు.

“ఐయామ్ సారీ, లాస్య,” అన్నాడు జయంత్. తర్వాత మంగతాయారు వైపు తిరిగి తగ్గిన గొంతుతోనే అన్నాడు. “కానీ ఆంటీ, ఇది ఎవిడెన్స్ కాదు. వెళ్లనంది. మనసు మార్చుకుని ఉండొచ్చు. అది ఆవిడ లైఫ్‌లో బిగ్గెస్ట్ డే. ప్రీస్ట్ అర్చన చేశానంటున్నారు.”

“ఏమని అడిగావు ఆయన్ని?”

“శ్యామసుందరి పేరుతో అర్చన జరిగిందా అని. జరిగిందన్నారు.”

“మనిషిని చూశారా అని అడిగావా?”

జయంత్ చేతిలోని నోట్‌బుక్ వెనక్కి తిప్పాడు.

“నీ పరీక్షలకి మీ అమ్మ అర్చన చేయించినప్పుడల్లా నువ్వు గుడికి వెళ్లావా, బెడ్‌రూమ్‌లో పడి నిద్రపోయావా?”

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి మాటలో పదును లేదు.

“పళ్లెం ఇచ్చి పేరు, గోత్రం చెప్పింది విద్యావతి ఆంటీ అట. సండే రష్. పక్కన ఎవరున్నారో ఆయన చూడలేదు.”

“లాస్యా, డాక్టరుగారి ఇంటి నంబరుకి ఫోన్ చేస్తే ఎవరెత్తుతారు?”

“విద్యావతి ఆంటీ. ఆల్వేస్. ‘డాక్టరుగారు రెస్ట్‌లో ఉన్నారమ్మా, నాతో చెప్పండి.’ మేమందరం ఇమిటేట్ చేస్తాం…” ఆ పిల్ల మధ్యలోనే ఆగిపోయింది. “ఓ మై గాడ్. పండు.”

“పద. మూడింటికి సభ.”

హాలు నిండిపోయింది. వేదిక మీద శ్యామసుందరి ఫోటోకు చామంతుల దండ. వెనక బ్యానర్ మీద ‘అధ్యక్షులు: డాక్టర్ ద్వారకానాథ్’ అని పెద్దక్షరాలు. దాని కింది పేరు మీద తెల్ల కాగితం అంటించారు. ఫ్యాను గాలికి కాగితం లేచినప్పుడల్లా ‘శ్యామ’ కనపడి మళ్లీ దాక్కుంటోంది.

“తెలంగాణ వాళ్లే ఉండాలండీ. ఆడపిల్లయితే ఇంకా మంచిది,” అంటున్నాడు ఒకాయన సమోసా కొరుకుతూ. “లాస్యనే పెడుతున్నారట. సానుభూతి పొంగి పొర్లుతుంది.”

“అన్న లోపల, చెల్లి స్టేజి మీదా?”

“కష్టకాలంలో అండగా ఉన్నామని చెప్పుకోవచ్చు కదండీ.”

లాస్య విన్నది. “నన్ను ఎవరూ అడగలేదు,” అంది నెమ్మదిగా.

డాక్టర్ ద్వారకానాథ్ మొదటి వరుసలో ఒంటరిగా కూర్చున్నాడు. మూడు రోజుల్లో పదేళ్లు పైబడ్డట్టున్నాడు. మంగతాయారు పక్క కుర్చీ లాక్కుంది.

“ఆదివారం ఆవిడ మీకు ఫోన్ చేసి ఏం చెప్పింది డాక్టరుగారూ?”

“పోలీసులకి చెప్పానమ్మా. కార్యక్రమం గురించి.”

“కార్యక్రమం గురించి ఏమని?”

ఆయన ఫోటో వైపే చూస్తున్నాడు. కళ్లజోడు సవరించుకున్నాడు.

“సాయంత్రం ఆవిడ కొడుకు మీద హత్య కేసు పెడుతున్నారు,” అని లేచిందావిడ.

హాలు వెనక వంటగదిలో విద్యావతి పేపరు కప్పుల్లోకి టీ పోస్తోంది. జయంత్ తలుపు బయటే గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మంగతాయారు ఒక్కతే లోపలికి వెళ్లింది.

“రండి వదినగారూ. చక్కెర వెయ్యమంటారా?”

“వద్దండి. ఒక్కమాట అడిగి పోతాను. ఆదివారం శ్యామసుందరి గుడికి ఎలా వచ్చింది?”

“తన కారులోనే. నా పక్కనే నిలబడింది. గోత్రం చెప్పుకుంది. హారతి కళ్లకద్దుకుంది. ప్రసాదం తీసుకుని, గుండిగలు తెస్తానని ఇంటికెళ్లింది. ఎన్నిసార్లు చెప్పమంటారు? నా గుండె తరుక్కుపోతోంది.” టీ ధార మాత్రం తొణకలేదు.

“మొహం ఎలా ఉంది?”

“సంతోషంగానే ఉంది. ఆవిడ రోజు కదా అది.”

“అదేంటండీ. పొద్దునే వాళ్ల బావగారు పోయారని ఫోనొచ్చింది. సొంత బావగారు, భర్త తోడబుట్టినవాడు. పది రోజుల మైల. తలకి పోసుకుని, ఇంట్లో దీపం కూడా మానేసిన మనిషి గుడి మెట్లెక్కి హారతి తీసుకుందా?”

కప్పు నిండింది. పొంగింది. టీ బల్ల మీద నుంచి నేలకు కారుతున్నా విద్యావతి కెటిల్ ఎత్తలేదు. మంగతాయారు ఎదురుచూసింది వేరు. అబద్ధం దొరికిపోయినవాళ్ల కళ్లు దారులు వెతుకుతాయి. ఈవిడ కళ్లలో అది లేదు. పాపం కళ్లబడ్డ భయం ఉంది.

“మైలా?” అంది గాలిలాంటి గొంతుతో. “మైలలో ఉన్న మనిషి పేరునా నేను అర్చన చేయించింది? నాకు చెప్పనేలేదే. చెప్పనివ్వలేదేమో నేను… అందుకేనా? అందుకేనా ఆవిడ బతకలేదు?”

మంగతాయారు ఆవిడ చేతిలోంచి కెటిల్ తీసి పక్కన పెట్టింది.

“ఎప్పుడు బతకలేదండీ?” అంది మంగతాయారు చాలా నెమ్మదిగా. “మీ పక్కనే నిలబడి హారతి తీసుకుందన్నారుగా.”

విద్యావతి బల్ల అంచు పట్టుకుంది.

“పొద్దున మీరు వాళ్లింటికెళ్లారు. గుండిగలు చూపించమని గరాజ్ దగ్గరకు తీసుకెళ్లారో, ఆవిడే మిమ్మల్ని పక్కకు పిలిచిందో నాకు తెలీదు. పండు సంగతి వచ్చింది. అవునా?”

“మీ ఆయనకు నువ్వే చెప్పు అంది,” విద్యావతి తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అంది. “‘నువ్వు చెప్పకుంటే నేను చెప్తా వదినా, ఆ తల్లికి జవాబు కావాలె’ అంది. నన్ను దాటి పోబోయింది. చెయ్యి పట్టుకుని లాగాను. విదిలించుకుంది. అంతే. కింద పడింది. ఊపిరి ఉంది. నేను చూశాను, ఊపిరి ఉంది.”

“అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యలేదేం?”

“చేస్తే అంతా బయటపడుతుంది. చెయ్యకపోతే పోతుంది. నాకేం తోచలేదు. గుడి దగ్గరే. ఆవిడ పేరున అర్చన చేయించాను. బతికించు తండ్రీ, నీ కొండకొచ్చి తలనీలాలిస్తాను అని మొక్కాను. ప్రసాదం పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాను, నోట్లో కాస్త తీర్థం పోద్దామని…” ఆవిడ చేతులు చూసుకుంది. “అప్పటికే లేదు.”

“అప్పుడు ఆ ప్రసాదం వంటింట్లో పెట్టి వచ్చారు. గుడికొచ్చిందని చెప్పారు. ఆ మాట ఆవిడ కొడుకు మెడకు చుట్టుకుంటుందని తెలిసీ.”

“వాడి సంగతి తర్వాత తెలిసింది. అందుకే లాస్యని పెట్టండి అన్నాను. ఆ పిల్లకైనా ఒక దారి…”

“పండు మన ఇంటికి ఫోన్ చేశాడా?”

ఇద్దరూ తిరిగి చూశారు. గుమ్మంలో ద్వారకానాథ్ నిలబడి ఉన్నాడు, అంతా విన్న మొహంతో.

“నన్ను ఎందుకు లేపలేదు విద్యా?”

“మీరు రెండు రాత్రులు నిద్రలేక వచ్చారు,” అంది విద్యావతి. “గ్యాసే అనుకున్నానండీ. రోజూ ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. అందరికీ మీరే కావాలి. నాకు మీరు బతికుంటే చాలనుకున్నాను.”

ఆయన గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత హాలు వైపు తిరిగాడు. ఆయన అటు తిరగడంతోనే విద్యావతి మొహంలో ఏదో తలుపు మూసుకుంది. పమిటతో కళ్లొత్తుకుంది.

“నేనేమీ అనలేదు వదినగారూ,” అంది. “దుఃఖంలో ఏదో మాట్లాడాను. ఆవిడ గుడికి వచ్చింది. నేను చూశాను. రాలేదని చెప్పే సాక్షి మీ దగ్గర ఎవరున్నారు? ఇండియాలో ఏడుస్తున్న పిల్లా?” ట్రే ఎత్తుకుని, టీ కప్పులతో హాల్లోకి నడిచింది.

జయంత్ లోపలికొచ్చాడు. “సగం వినపడింది. రికార్డ్ కాలేదు. లాయర్ ఉంటే కొట్టిపారేస్తాడు ఆంటీ. అర్చనకి ఆవిడ రాలేదని ఎవరైనా స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఎవరైనా.”

“ఒకరున్నారు. ఇస్తారో లేదో ఆయన ఇష్టం.”

వేదిక మీద మైకు కీచుమంది. ద్వారకానాథ్ దాని ముందు నిలబడ్డాడు. హాలు సద్దుమణిగింది. ముందు వరుసలో ఎవరో సెల్‌ఫోన్ పైకెత్తి వీడియో మొదలుపెట్టారు. వెనక వరుసల్లో విద్యావతి టీ అందిస్తోంది. లాస్య, మంగతాయారు చెయ్యి వదలకుండా, తలుపు పక్కన నిలబడింది.

“మీరందరూ ఒక పేరు కోసం వచ్చారు,” అన్నాడాయన. “నేను అధ్యక్షుడిగా నిలబడితే నా పక్కన ఎవరు నిలబడాలీ అని మూడు నెలలు ఆలోచించాను. మనలో ఎవరు పోయినా శవం పక్కన కూర్చునే మనిషి ఒకరున్నారు. ఆవిడ కన్నా నాకెవరూ కనపడలేదు. మీలో కొందరు నవ్వారు. నేను నవ్వలేదు.”

ఎవరో దగ్గారు.

“ఆదివారం పొద్దున వార్డులో ఉండగా ఆవిడ ఫోన్ చేసింది. ఏడుస్తోంది. ‘డాక్టర్ సాబ్, మా బావ పోయిండు. మైల. గుడికి రాను, పళ్లెం ముట్ట. నా పేరు ఇయ్యాల చెప్పకుండ్రి, పది రోజులైనంక చూసుకుందం’ అంది. అదే నేను విన్న ఆఖరి మాట. అదే రాత్రి పోలీసులకి ఇంకొకరు చెప్పడం విన్నాను, ఆవిడ గుడికొచ్చిందని, హారతి తీసుకుందని. పొరపాటు పడి ఉంటారనుకున్నాను. పొరపాటు కాదని నాలో ఒకడికి తెలుసు. వాడి నోరు నొక్కాను. మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో ఆవిడ కొడుకు చేతికి బేడీలు పడ్డాయి.”

హాలు వెనక కప్పులు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగాయి. జయంత్ అడుగులో అడుగేసుకుంటూ అటు వెళ్లి నిలబడ్డాడు.

ద్వారకానాథ్ బ్యానర్ వైపు తిరిగి ఆ తెల్ల కాగితాన్ని చేత్తో పీకేశాడు. శ్యామసుందరి పేరు బయటపడింది. మళ్లీ మైకు దగ్గరకు వచ్చాడు.

“నేను పోటీ చెయ్యడం లేదు. కానీ ఇక్కడ ఒక పేరు చెప్పాలి, చెప్పే దిగుతాను. పండు ఫోన్ చేస్తే నన్ను లేపకుండా గోలీ వేసుకోమన్నదీ, ఊపిరి ఉన్న శ్యామసుందరిగారిని గరాజ్‌లో వదిలేసి ఆవిడ పేరునే అర్చన చేయించిందీ ఒకే మనిషి.”

లాస్య వేళ్లు మంగతాయారు చేతిలో బిగుసుకున్నాయి.

ఆయన కళ్లజోడు తీశాడు. హాలు చివర, టీ ట్రే పట్టుకుని నిలబడ్డ మనిషిని చూశాడు.

“నా భార్య,” అన్నాడు. “విద్యావతి.”